అమ్మానాన్నల ఫోన్‌కి కట్టుదిట్టం: మోసపు కాల్స్ నుంచి పెద్దవాళ్లను కాపాడుకునే పని, అంచెలంచెలుగా

రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీ, ఊళ్లో అమ్మిన పొలం డబ్బు, పిల్లలు పంపినవి కూడబెట్టి వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్లు. మన ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గరుండే సొమ్ము చాలావరకు ఇదే. అది కూడా ఒకే బ్యాంకులో, ఒకే ఖాతాలో, ఒకే ఫోన్ నంబరుకు ముడిపడి ఉంటుంది. సైబర్ నేరగాళ్లు వాళ్ల వెంట పడటానికి అమాయకత్వం కంటే ఈ పోగుబడిన డబ్బే పెద్ద కారణం. పోగొట్టుకున్నవాళ్లలో ప్రొఫెసర్లున్నారు, డాక్టర్లున్నారు, బ్యాంకుల్లో పనిచేసి దిగిపోయినవాళ్లూ ఉన్నారు. 2024లో దేశం మొత్తం మీద సైబర్ మోసాల్లో పోయింది 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పింది.

పద్ధతులు ఎన్ని మారినా ఈ మోసాల ఆయువుపట్టు ఒక్కటే: పెద్దాయన్ని ఇంట్లోవాళ్ల నుంచి విడదీసి ఒంటరిని చేయడం. అందుకే మనం చేసే ఏర్పాట్లన్నీ తిరిగి తిరిగి ఒకచోటికే రావాలి. భయం వేసిన ఆ నిమిషంలో ఆయన ముందు మనకే ఫోన్ చేయాలి. ఆ అలవాటు లేకపోతే ఫోన్లో ఎన్ని సెట్టింగులు మార్చినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ఈసారి పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు ఒక రోజు దీనికి పెట్టుకోండి. బ్యాంకుకు వెళ్లే పని కూడా ఉంది కాబట్టి, సెలవు రోజుల మధ్యలో కాకుండా బ్యాంకు తెరిచే రోజు చూసుకోండి.

మొదటి పని: కూర్చుని మాట్లాడటం

"నీకేం తెలీదు, ఎవరు ఫోన్ చేసినా ఎత్తకు" అనడంతో మొదలుపెట్టారా, ఆ రోజు పని అక్కడితో అయిపోయినట్టే. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి ఇల్లు నడిపిన మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. రేపు నిజంగా పొరపాటు జరిగితే మీకు చెప్పడానికి జంకుతారు. మోసగాడికి కావలసింది ఆ జంకే.

ఇంకోలా మొదలుపెట్టొచ్చు. "నాన్నా, మా ఆఫీసులో ఒకాయన వాళ్ల మామగారికి సీబీఐ అంటూ వాట్సాప్ కాల్ వచ్చిందట. పాపం, గజగజ వణికిపోయాడట. నీకొస్తే ఏం చేస్తావ్?"

"నాకెందుకొస్తుందిరా, నేనేం చేశానని?"

"ఆయన కూడా ఏం చేయలేదు నాన్నా. నీ ఆధార్ మీద పార్సిల్ దొరికిందంటారట, ఆధార్ నంబరు కూడా వాడే చదివి వినిపిస్తాడట."

ఇక్కడ ఆగి ఆయన్ని ఆలోచించుకోనివ్వండి. ఆధార్ నంబరు, పుట్టినతేదీ, ఇంటి అడ్రసు చెప్పాడంటే అవతలివాడు నిజంగా ఆఫీసరే అనుకోవడం సహజం. ఆ వివరాలు మనం జిరాక్సు షాపుల్లో, సిమ్ కార్డు దుకాణాల్లో, లాడ్జీల్లో ఎన్నిచోట్ల ఇచ్చామో గుర్తుచేయండి. మన వివరాలు తెలిసినంత మాత్రాన వాడు ప్రభుత్వం మనిషైపోడన్నది ఆయనకు ఆయనే అనుకుంటే, మీరు పది సార్లు చెప్పినదానికంటే గట్టిగా పట్టుకుంటుంది.

తర్వాత మూడు ఒప్పందాలు చేసుకోండి. ఫోన్లో ఎవరైనా "ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు, ఇంట్లోవాళ్లకి కూడా" అన్నారంటే, ఆ క్షణమే ఫోన్ పెట్టేసి ఇంట్లో చెప్పాలి. ఇది మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది కూడా. రెండోది ఇంటి గుర్తుమాట. కొడుకు గొంతుతోనో మనవరాలి గొంతుతోనో "యాక్సిడెంటైంది, అర్జంటుగా డబ్బు పంపు" అని ఫోన్ వస్తే అడగడానికి ఒక మాట పెట్టుకోండి. ఇప్పుడు గొంతును అచ్చుగుద్దినట్టు అనుకరించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, ఏడుస్తున్న గొంతయితే పోల్చుకోవడం ఇంకా కష్టం. ఆ మాట మీ ఇంటివాళ్లకే తెలిసినదై ఉండాలి, ఫేస్‌బుక్‌లో దొరికేది కాకూడదు. చిన్నప్పుడు మీ ఇంట్లో ఉన్న ఆవు పేరో, అమ్మమ్మ మిమ్మల్ని పిలిచిన ముద్దుపేరో చాలు. మూడో ఒప్పందం మీరు ఇవ్వాల్సింది: "నువ్వు ఎప్పుడు ఫోన్ చేసినా, డబ్బు పోయినా, నేను కేకలేయను." ఈ మాట ఇచ్చి తప్పితే మిగతా రెండూ చెల్లవు.

అమ్మానాన్నలకు సరదా ఉంటే రిహార్సల్ కూడా వేయొచ్చు. "ఈ వారంలో ఎప్పుడో ఒక దొంగ కాల్ వస్తుంది, పట్టుకో చూద్దాం" అని ముందే చెప్పి, వాళ్లకి తెలియని నంబరు నుంచి ఏ స్నేహితుడితోనో కేవైసీ పేరు మీద ఫోన్ చేయించండి. చెప్పకుండా పరీక్ష పెట్టడం మాత్రం నాకు నచ్చదు. ఓడిపోతే అవమానంగా అనిపిస్తుంది, అది మనసులో ఉండిపోతుంది.

రెండో పని: మోసగాళ్లాడే నాటకాలు ముందే తెలియజెప్పడం

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది డిజిటల్ అరెస్టు. కరెంటు బిల్లు మోసంలో వేలల్లో పోతే దీనిలో జీవితకాలపు పొదుపు పోతుంది. అందుకే దీన్ని మొదటినుంచి చివరిదాకా కథలా చెప్పండి.

మొదట రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నామని, మీ నంబరు రెండు గంటల్లో కట్ అవుతుందని, వివరాలకు 9 నొక్కమని. నొక్కితే ఒక మనిషి లైన్లోకి వచ్చి, మీ ఆధార్ మీద తీసిన ఇంకో సిమ్‌తో నేరం జరిగిందంటాడు, లేదా మీ పేరున వెళ్లిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటాడు. "ముంబయి పోలీసులకు కలుపుతున్నా" అని వాట్సాప్ వీడియో కాల్‌కి రమ్మంటాడు. అక్కడ యూనిఫాం వేసుకున్న మనిషి, వెనకాల గోడ మీద పోలీసు చిహ్నం, వాకీటాకీ చప్పుళ్లు. కాసేపట్లో సుప్రీంకోర్టు ముద్రతోనో, ఈడీ (ఆర్థిక నేరాలు చూసే కేంద్ర సంస్థ) ముద్రతోనో ఒక కాగితం వాట్సాప్‌లో వస్తుంది, దాని మీద మీ పేరు. కెమెరా ఆపొద్దు, గది దాటొద్దు, నిద్రపోయేటప్పుడూ కాల్ నడుస్తూనే ఉండాలి. ఇంట్లోవాళ్లకు చెబితే వాళ్లనూ కేసులో ఇరికిస్తామంటారు. చివరికి అసలు సంగతికి వస్తారు: "మీ డబ్బంతా ఆర్‌బీఐ పరిశీలించాలి, ఈ ఖాతాకు పంపండి, తప్పులేదని తేలితే తిరిగొస్తుంది." ఫిక్స్‌డ్ డిపాజిట్లు బద్దలు కొట్టించడానికి జేబులో నడుస్తున్న కాల్‌తోనే బ్యాంకుకు పంపుతారు. మేనేజరు అడిగితే అమ్మాయి పెళ్లి అనో, ఫ్లాటు కొంటున్నామనో చెప్పమని ముందే నేర్పుతారు.

2024లో హైదరాబాద్‌లోని ఒక ఎస్‌బీఐ బ్రాంచికి ఇలాగే ఒక వృద్ధ డాక్టరు వచ్చి, ఆస్తి కొనడానికంటూ డిపాజిట్ రద్దు చేయమన్నారు. ఆయన తీరు చూసి సిబ్బందికి అనుమానం వచ్చింది. పని సాగదీసి, ఇంకో మనిషిని తోడు తెచ్చుకోమని నచ్చజెప్పి, చివరికి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించారు. 13 లక్షలు నిలిచాయి. అంబాలాలోని వృద్ధ దంపతులకు ఆ అదృష్టం లేదు. నకిలీ సుప్రీంకోర్టు ఉత్తర్వులు చూసి భయపడి కోటి రూపాయలకు పైగా పంపేశారు. వాళ్ల ఫిర్యాదు మీదే 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణ చేపట్టింది, డిసెంబరులో డిజిటల్ అరెస్టు కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

కథ చెప్పాక చట్టం కూడా చెప్పండి. "అలాంటిది లేదు" అని మీరు ఊరికే అంటే ఆ సమయానికి గుర్తుకు రాదు, చట్టం మాట గుర్తుంటుంది. ఫోన్లోనో వీడియోలోనో అరెస్టు చేయడమన్నది మన చట్టాల్లో ఎక్కడా లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద పోలీసులిచ్చే నోటీసులు వాట్సాప్‌లో పంపితే చెల్లవని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అదే చట్టం 179వ సెక్షన్ ప్రకారం అరవై దాటిన మగవాళ్లనూ, ఏ వయసు ఆడవాళ్లనైనా సాక్షిగా విచారించాలంటే పోలీసులే వాళ్లుండే చోటికి రావాలి. మూడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో అరవై దాటినవారిని డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయడానికి వీల్లేదు. నాన్నగారికి ఇంకా సందేహముంటే ఒక సులువైన జవాబు నేర్పండి: "నేను మా ఊరి పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నా, అక్కడికి రండి." ఆ మాట అని ఫోన్ పెట్టేయడమే.

మిగతావి త్వరగా చెప్పేయొచ్చు.

కరెంటు మోసం: "పోయిన నెల బిల్లు కట్టలేదు, రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు తీసేస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని మామూలు మొబైల్ నంబరు నుంచి మెసేజ్. బిల్లు కట్టారో లేదో మీటరు రీడింగ్ తీసే అబ్బాయినో లైన్‌మ్యాన్‌నో అడిగితే తేలిపోతుంది.

లైఫ్ సర్టిఫికెట్ మోసం పింఛనుదార్లకు ప్రత్యేకం. ఏటా నవంబరులో ఇవ్వాల్సింది కాబట్టి కాల్స్ కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ వస్తాయి. పీపీఓ (పింఛను మంజూరు పత్రం) నంబరు, ఖాతా నంబరు వాళ్లే చదివి, "ఇప్పుడే ఆన్‌లైన్లో అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి" అంటారు. లైఫ్ సర్టిఫికెట్ ఫోన్ మీద ఎవరూ అప్‌డేట్ చేయరు. బ్యాంకులో ఇవ్వొచ్చు, పోస్ట్‌మ్యాన్‌ను ఇంటికి పిలిపించుకోవచ్చు, జీవన్ ప్రమాణ్ యాప్‌లో మొహం చూపించి మీరే చేయించొచ్చు. ఈసారి నవంబరులో మీరు పక్కనుండి ఆ పని పూర్తిచేస్తే, ఆ తర్వాత ఎవడు ఫోన్ చేసినా "అయిపోయింది బాబూ" అని పెట్టేస్తారు.

పింఛను పెంచుతామని, ఆగిపోయిందని వచ్చే కాల్స్ ఇంకో రకం. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛను సచివాలయం సిబ్బంది ఇంటికి తెచ్చి చేతికిస్తారు. అలాంటప్పుడు ఖాతా నంబరుతో ఫోన్లో ఎవడికేం పని?

ఏపీకే ఫైళ్లు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైళ్లు, ఈమధ్య విపరీతంగా తిరుగుతున్నాయి. పెళ్లి శుభలేఖ, ఆర్టీఓ చలానా, పీఎం కిసాన్, ఫలానా బ్యాంకు కేవైసీ, పేరు ఏదైనా చివర ఏపీకే అని ఉంటుంది. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌కొచ్చే ఎస్ఎంఎస్‌లన్నీ వాడికి కనబడతాయి, ఓటీపీలతో సహా. తెలిసినవాళ్ల వాట్సాప్ నుంచి కూడా ఇది వస్తుంది, ఎందుకంటే ముందు వాళ్ల ఫోనే దొంగల చేతికి చిక్కి ఉంటుంది. "చిన్నక్క పంపింది కదా" అని తెరిచేది అందుకే. శుభలేఖ అయితే ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుందని చెప్పండి.

ఇక ఓఎల్ఎక్స్‌లో పాత మంచం అమ్ముదామని పెడితే "మిలటరీలో ఉన్నా, డబ్బు పంపుతున్నా, స్కాన్ చేయండి" అనేవాడు. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, స్కాన్ చేయక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం మాత్రం బట్టీ పట్టించండి.

మూడో పని: ఫోన్ చేతిలోకి తీసుకుని

ఆయన పక్కనే కూర్చుని, ఏం మారుస్తున్నారో చూపిస్తూ చేయండి. చేతిలోంచి లాక్కుని చకచకా నొక్కేస్తే రేపు ఆ ఫోన్ ఆయనకే పరాయిదైపోతుంది.

వాట్సాప్‌తో మొదలుపెట్టండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో కాల్స్, అక్కడ సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చేయండి. నంబరు సేవ్ చేసుకోని వాళ్ల వాట్సాప్ కాల్ ఇక మోగదు, లిస్టులో మాత్రం కనబడుతుంది. డిజిటల్ అరెస్టు ముఠాలు వాడేది ఎక్కువగా వాట్సాపే కాబట్టి ఒక్క ఈ మార్పుతోనే సగం పీడ వదులుతుంది. అదే ప్రైవసీలో గ్రూప్స్ దగ్గర మై కాంటాక్ట్స్ పెడితే, షేర్ మార్కెట్ చిట్కాల గ్రూపుల్లోకి ముక్కూమొహం తెలియనివాళ్లు చేర్చడం ఆగుతుంది. అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి ఆరంకెల పిన్ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. స్టోరేజ్‌లో డాక్యుమెంట్లు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా తీసేయండి.

తర్వాత ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని వెతకండి. అక్కడ వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ ఎదురుగా అనుమతి ఉంటే తీసేయండి. ఏపీకేని నొక్కినా ఇక సులువుగా ఎక్కదు. ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఎనీడెస్క్, టీమ్ వ్యూయర్, రస్ట్‌డెస్క్ లాంటివి కనబడితే ఎవరు వేయించారో అడగండి, సరైన కారణం లేకపోతే తీసేయండి. అవి మన తెర మొత్తం అవతలివాడికి చూపిస్తాయి. అన్నట్టు, వాట్సాప్ వీడియో కాల్‌లోనూ స్క్రీన్ షేర్ ఉంది, దానికి వేరే యాప్ అక్కర్లేదు. ఫోన్లో మాట్లాడుతూ మన తెర చూపించమన్నవాడెవడైనా సరే, దొంగే.

డయలర్‌లో ##002# కొడితే, మనకు తెలియకుండా కాల్స్ ఇంకో నంబరుకు మళ్లించి ఉంటే ఆ మళ్లింపులన్నీ రద్దవుతాయి. 1909కి స్టార్ట్ 0 అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఎస్ఎంఎస్ పెడితే ప్రచార కాల్స్ తగ్గుతాయి. దొంగ కాల్స్ పూర్తిగా ఆగవు గానీ, రోజుకు పది పనికిరాని కాల్స్ ఎత్తి విసిగిపోయిన మనిషి కంటే మామూలుగా ఉన్న మనిషి జాగ్రత్తగా ఉంటాడు. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ యాప్ వేసి, నాన్నగారి పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో చూడండి. తెలియని నంబరుంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. అనుమానపు కాల్ వచ్చినప్పుడు, డబ్బు పోకపోయినా, అందులోని చక్షు విభాగంలో చెప్పొచ్చు.

బ్యాంకుల లావాదేవీ కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలని, ప్రచారం కాల్స్ 140తో మొదలయ్యేవాటి నుంచి రావాలని ఆర్‌బీఐ నియమం. అయినా 1600 నంబరే కనబడినా ఓటీపీ, పిన్ చెప్పాల్సిన పని లేదు. బ్యాంకుల వెబ్‌సైట్లు కూడా ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగుస్తాయి.

చివరగా ఫోన్‌బుక్. పిల్లల నంబర్లు, పక్కింటివాళ్లు, బ్రాంచి నంబరు, 1930 అన్నీ తెలుగులో పేర్లు పెట్టి సేవ్ చేయండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకడం మాన్పించాలంటే అసలు నంబరు ముందే ఫోన్లో ఉండాలి. వెతికితే పైన కనబడేది దొంగలు పెట్టిన నంబరు కావచ్చు.

నాలుగో పని: డబ్బును రెండు గదుల్లో పెట్టడం

నా దృష్టిలో ఇదే అసలు రక్షణ. ఎంత నేర్పినా మనిషి ఏదో ఒకరోజు భయపడతాడు, ఒంట్లో బాగాలేని రోజు తికమకపడతాడు. ఆ రోజున కూడా పోయేది కొద్దిగానే పోవాలి.

రెండు ఖాతాలు ఏర్పాటు చేయండి. చిన్న ఖాతాలో నెల ఖర్చులకు సరిపడా డబ్బు, దానికే ఫోన్‌పే, గూగుల్ పే, డెబిట్ కార్డు. పింఛను వచ్చే ఖాతా, డిపాజిట్లున్న ఖాతా వేరు. దానికి యూపీఐ వద్దు, కార్డు వద్దు, నెట్ బ్యాంకింగ్ తప్పనిసరైతే చూడటానికి మాత్రమే ఇవ్వమని బ్రాంచిలో రాసివ్వండి. పెద్ద ఖాతా నుంచి చిన్న ఖాతాకు నెలనెలా ఇంతని వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెడితే అమ్మకి బ్యాంకు చుట్టూ తిరిగే పనీ తప్పుతుంది. డిపాజిట్లు ఇద్దరి పేరా, ఇద్దరి సంతకాలతోనే తీసేలా ఉంటే మంచిది. ఒక్కరిని బెదిరించి బద్దలు కొట్టించడం అప్పుడు కుదరదు. డెబిట్ కార్డుకు ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లోనే ఆపేయొచ్చు, ఏటీఎంలో రోజు పరిమితి తగ్గించొచ్చు. యూపీఐ పరిమితి కూడా చాలా బ్యాంకుల యాప్‌లలో తగ్గించుకోవచ్చు.

యూపీఐ సర్కిల్ అని ఒక సదుపాయముంది. అమ్మ తన ఫోన్లో చెల్లింపు మొదలుపెడితే, మీ ఫోన్‌కి అనుమతి కోసం వస్తుంది, మీరు పిన్ కొడితేనే, మీ ఖాతా నుంచి వెళ్తుంది. కూరగాయలకీ మందులకీ ఇది బాగా పనికొస్తుంది. ఆమెకు ఖాతా, పిన్ గొడవే ఉండదు. మీరు మీటింగులో ఉంటే కూరగాయలవాడు నిలబడి చూడాల్సి వస్తుందన్నది మాత్రం నిజం. పూర్తి అనుమతి ఇస్తే మీరు అడ్డు లేకుండా నెలకు 15,000 దాకా ఆమే ఖర్చు పెట్టుకోవచ్చు.

ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతి దగ్గర కొంచెం ఆలోచించాలి. వేలిముద్రలు నకలు చేసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు మన దగ్గరా పట్టుబడ్డాయి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్స్ లాక్ చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. కానీ లాక్ చేసి మీరు బెంగళూరు వెళ్లిపోతే, రేషన్ షాపులో వేలు పడదు, ఒకటో తారీఖున పింఛను తెచ్చినవాళ్లు వేలిముద్ర పడక తిరిగి వెళ్తారు. వేలిముద్రతో ఆ అవసరాలున్న ఇంట్లో లాక్ చేసే బదులు, పెద్ద ఖాతాకు ఆధార్ ద్వారా డబ్బు తీసే వీలు ఆపమని బ్యాంకులో అడగండి. కొన్ని బ్యాంకులు ఆపుతాయి.

బ్యాంకుకు వెళ్లిన ఆ రోజే మేనేజరుకూ, కౌంటర్లో వాళ్లకూ నాన్నగారిని పరిచయం చేసి, "మా నాన్న డిపాజిట్ తీయడానికో, పెద్ద మొత్తం ఆర్‌టీజీఎస్ చేయడానికో ఒక్కరే వస్తే నాకొక ఫోన్ కొట్టండి" అని నంబరు ఇవ్వండి. అది వాళ్ల బాధ్యత కాదు, నాన్నగారి సమ్మతి కూడా ఉండాలి. ఆయన ఎదుటే అడగండి. చాలామంది సరేనంటారు. ఖాతా మెసేజ్‌లు ఈమెయిల్‌కూ వచ్చేలా పెట్టించి, ఆ ఈమెయిల్ మీరు చూస్తూ ఉంటే ఇంకా మంచిది.

ఇక్కడ ఒక మాట. భద్రత పేరు చెప్పి పెద్దవాళ్ల డబ్బంతా కొడుకు పేరు మీదకో కూతురి పేరు మీదకో మార్పించడం నేను చెప్పేది కాదు. నామినీ వేరు, యజమాని వేరు. సంతకం వాళ్లదే ఉండాలి. ఇంట్లోవాళ్ల వల్లే ఇబ్బంది వస్తే పెద్దవాళ్లు ఫోన్ చేసి చెప్పుకోడానికి 14567 ఎల్డర్ లైన్ ఉంది. ఆ నంబరు కూడా వాళ్ల ఫోన్లో ఉండనివ్వండి.

అయిదో పని: గోడ మీద కాగితం

చార్జింగ్ పెట్టే చోట, కళ్లద్దాలు లేకుండా చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో, చేత్తో రాసి అంటించండి. ఇంతే చాలు:

ఫోన్లో పోలీసు, సీబీఐ, కోర్టు అంటే పెట్టేయ్.
ఎవరికీ చెప్పొద్దన్నారా? వెంటనే చెప్పు.
డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.
లింకు నొక్కకు, యాప్ వేయకు.
డబ్బు పోతే 1930.

కింద ఇద్దరు మనుషుల నంబర్లు. ఒకటి మీది. రెండోది అదే ఊళ్లో పావుగంటలో ఇంటికి రాగలిగినవాళ్లది, మేనల్లుడో, పక్కింటి మాస్టారో. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలకు ఈ రెండో నంబరే ముఖ్యం. ఇక్కడ పగలు పదకొండింటికి కాల్ వస్తే డల్లాస్‌లో మీకు అర్ధరాత్రి. వీడియో కాల్‌లో ఇరుక్కున్న మనిషిని బయటికి తేవడానికి తలుపు తట్టే మనిషే కావాలి. అమ్మ ఫోన్ గంటల తరబడి బిజీగా వస్తోంది, మెసేజ్‌కు జవాబు లేదు, తలుపు వేసుకుని ఉంటోంది అంటే అతన్ని వెంటనే పంపండి.

జరిగిపోతే

మొదటి గంట చాలా విలువైనది. పోయిన డబ్బు నిమిషాల్లో అద్దె ఖాతాల్లోకి (మోసగాళ్లు వేరేవాళ్ల పేరున వాడుకునేవి), అక్కడినుంచి ఇంకో పది ఖాతాల్లోకి చీలిపోతుంది. ముందుగా 1930కి ఫోన్ చేయండి. ఎవరి ఖాతా నుంచి, ఎంత, ఎన్నింటికి వెళ్లింది, మెసేజ్‌లో ఉన్న లావాదేవీ నంబరు ఏమిటి, ఇవి చేతిలో ఉంచుకోండి. యూపీఐ అయితే అది పన్నెండంకెల నంబరు. సమాచారం అందగానే డబ్బు చేరిన బ్యాంకుకు కబురు వెళ్తుంది, ఇంకా అక్కడ ఉన్నంత మేరకు పట్టి ఉంచుతారు. లైన్ దొరక్కపోతే ఆగొద్దు, సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టేయండి. విదేశాల్లో ఉన్న పిల్లలకూ ఆ దారే నయం.

ఆ వెంటనే బ్యాంకు. యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 2017 నాటి ఆర్‌బీఐ నియమం ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెప్పిన ఖాతాదారు నష్టం భరించక్కర్లేదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయింది మనదే. తెలియజేశాక పోయింది మాత్రం బ్యాంకుదే. అందుకే చెప్పిన సమయం రాతపూర్వకంగా ఉండాలి. 30 రోజుల్లో బ్యాంకు సరైన జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు, వివరాలకు 14448.

ఏపీకే ఎక్కించి ఉంటే ఆ ఫోన్లో మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేయండి. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేస్తే ఓటీపీలు వాడికి పోవు. కంగారులో ఫోన్ మొత్తం తుడిచేయకండి. మెసేజ్‌లు, కాల్ లిస్టు, వాడు పంపిన కాగితాలు పోలీసులకు కావాలి, ముందు అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసుకోండి.

ఆన్‌లైన్ ఫిర్యాదుతో ఆగకుండా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్ చేయించండి. ఏ స్టేషన్‌లోనైనా, నేరం తమ పరిధిలోది కాకపోయినా, జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాల్సిందే. పట్టి ఉంచిన డబ్బు పెద్ద మొత్తమైతే తిరిగి రావడానికి సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి ఇలా వెనక్కి వచ్చింది. ఫిర్యాదు నంబరు పట్టుకుని సైబర్ స్టేషన్‌లో అడుగుతూ ఉండాలి, ఊరికే కూర్చుంటే కదలదు.

ఇంకొక గండం ఉంది, చాలామంది దీన్ని ఊహించరు. కొన్నాళ్లకు "మీ డబ్బు దొరికింది, విడిపించడానికి ఫీజు కట్టండి" అని లాయరు పేరుతోనో, సైబర్ పోలీసు పేరుతోనో ఫోన్ వస్తుంది. ఒకసారి పోగొట్టుకున్నవాళ్ల నంబర్లు ఈ ముఠాల మధ్య చేతులు మారతాయి. డబ్బు వెనక్కివ్వడానికి పోలీసులు ఫీజు అడగరని ఆ రోజే చెప్పేయండి.

ఆ కొన్ని వారాలు ఇంట్లో ఎవరూ ఆ ప్రస్తావన ఎత్తిపొడుపుగా తేకుండా చూడండి. బంధువుల దగ్గర కథలా చెప్పకండి, ఫంక్షన్లలో అసలే వద్దు. ఆయన తిండి తినడం, నిద్రపోవడం గమనించండి, ముభావంగా ఒంటరిగా ఉంటుంటే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఫోన్ లాక్కోవద్దు. ఆయన కోలుకున్నాక, స్టేషన్‌కు, బ్యాంకుకు తిరిగే పనుల్లో ఆయన్నీ వెంటబెట్టుకెళ్లండి. ఫిర్యాదు ఎవరు పెడుతున్నారని కౌంటర్‌లో అడిగితే జవాబు ఆయన్నే చెప్పనివ్వండి.